అహంకార శైథిల్యము – ఐక్యస్థలమునకు తొలి సన్నాహము



వీరశైవ ధర్మమున జీవుడు పొందవలసిన పరమస్థితికి లింగాంగ సామరస్యమని పేరు. లింగమనగా శివుడు; అంగమనగా జీవుడు. ఈ రెండును వేరుగా తోచుట బంధము. ఒకటిగా నెరుంగుట ముక్తి. రెండింటి నడుమ అడ్డుగోడవలె నిలుచునది "నేను" అను భావము. పెద్దలు దానినే అహంకారమనిరి. ఆ గోడను ఒక్క దెబ్బతో కూల్చవచ్చునా, లేక క్రమముగా సడలింపవలెనా, సడలిన పిదప మిగులున దేమి అను విషయములను షట్స్థల శాస్త్రము, శరణుల చరితలు ఆధారముగా విచారించుట ఈ పాఠమునకు ఉద్దేశము.

ఈ విచారణ నేటి కుటుంబములకు మరింత అవసరమైనది. 2020 ప్రాంతమునుండి సెల్‌ఫోనులలోని చిన్న చిన్న వీడియోల ద్వారా రియాలిటీ షిఫ్టింగు అను నొక పద్ధతి దేశదేశముల యువజనులలో వ్యాపించినది. రాత్రి పరుండి, శ్వాసను నెమ్మదింపజేసి, అంకెలు లెక్కించుచు, దేహస్మృతిని విడిచినచో తాము కోరుకొన్న మరియొక లోకమున మేల్కొనవచ్చునని దాని ననుసరించువారి నమ్మకము. కొందరు కథలలోని విద్యాలయములకును, సినిమాలలోని నగరములకును పోవ గోరుదురు. అందుకు ముందుగా అహంకారమును సడలించుకొనవలెనని వారిలో కొందరు చెప్పుదురు. మాట ఒక్కటియే. కాని శరణులు చెప్పిన దానికిని దీనికిని గల భేదము మిక్కిలి పెద్దది. ఆ భేదము తెలియనిచో పెద్దలు బిడ్డలను మందలింపగలరే గాని వారికి దారి చూపజాలరు.

అహంకారమనగా నేమి?

మనస్సు, బుద్ధి, చిత్తము, అహంకారము అను నాలుగింటిని అంతఃకరణ చతుష్టయమందురు. మనస్సు సంకల్పించును, బుద్ధి నిశ్చయించును, చిత్తము స్మరించును, వీటినన్నింటిని తనవిగా పట్టుకొనునది అహంకారము. కన్ను చూడగా "నేను చూచితిని" అనును. చేయి పనిచేయగా "నేను చేసితిని" అనును. లోకవ్యవహారమునకు ఈ మాట కావలసినదే. పేరు పెట్టి పిలిచినపుడు పలుకనివాడు, తన బాధ్యత తనదని యెరుగనివాడు సంసారమును నడపజాలడు. కావున దోషము "నేను" అను మాటయందు లేదు. ఆ మాటకు తగిలించుకొన్న బరువునందు కలదు.

ఆ బరువు రెండు విధములు. "నా వలననే ఇది జరిగినది" అనునది కర్తృత్వము. "ఇది నాది, నాకే చెందవలెను" అనునది మమకారము. మొదటిది పనిని పట్టుకొనును. రెండవది ఫలమును పట్టుకొనును. బసవేశ్వరుడు ఉపదేశించిన కాయకము మొదటిదానికి మందు. దాసోహము రెండవదానికి మందు. పనిని శివపూజగా చేయువానికి కర్తృత్వము సడలును. ఫలమును సమాజమునకు, జంగమమునకు సమర్పించువానికి మమకారము సడలును. ఈ రెండును కలిసి నడచినపుడే సాధన నిలుచును. ఒక్కటి మాత్రమే పట్టినవాడు ఒంటికాలిపై నడచువాని వంటివాడు.

శైవశాస్త్రమున ఆణవము, మాయీయము, కార్మికము అని మలములు మూడు చెప్పబడినవి. వీటిలో ఆణవము మూలము. ఆణవమనగా అణువగుట, అపారమైన చైతన్యము తన్ను తాను "ఇంతవాడను" అని కుదించుకొనుట. ఇచట నొక విశేషము గమనింపదగినది. లోకమున అహంకారి యనగా తన్ను పెద్దగా నెంచుకొనువాడని యర్థము. శాస్త్రము మాత్రము తన్ను చిన్నగా నెంచుకొనుటయే దానికి మూలమని చెప్పుచున్నది. లోపల "నేను చిన్నవాడను" అను భయ ముండుట చేతనే మనుజుడు పదవిని, ధనమును, కులమును చుట్టును పేర్చుకొని పెద్దగా కనబడ జూచును. కావున అహంకారమును సడలించుట యనగా మనుజుని కించపరచుట కాదు. అతనిని ఆ భయమునుండి విడిపించుట.

ఈ మలత్రయ నివారణకే గురువు దీక్షాత్రయము నొసగును. క్రియాదీక్షచే స్థూలశరీరమునకు ఇష్టలింగమును, మంత్రదీక్షచే సూక్ష్మశరీరమునకు ప్రాణలింగమును, వేధాదీక్షచే కారణశరీరమునకు భావలింగమును సంబంధింపజేయును. వరుసగా కార్మిక, మాయీయ, ఆణవ మలములు దీనివలన క్షాళితమగునని సంప్రదాయము. అయితే దీక్ష విత్తనము వంటిది. విత్తిన చేనికి నీరు పెట్టవలసినవాడు శిష్యుడే.

షట్స్థలము – సడలింపు క్రమము

అహంకారము ఒక్కనాట పోవునది కాదని యెరిగిన పెద్దలు ఆరు స్థలములను ఏర్పరచిరి. భక్త, మహేశ్వర, ప్రసాది, ప్రాణలింగి, శరణ, ఐక్య స్థలములని వాటికి పేర్లు. శివయోగి శివాచార్యుని సిద్ధాంత శిఖామణియందు రేణుకుడు అగస్త్యునకు ఉపదేశించిన రూపమున ఈ ఆరు స్థలములే నూటొక్క స్థలములుగా విస్తరింపబడినవి. ఆ రేణుకుడు ఆవిర్భవించెనని వీరశైవులు కొలుచు కొలనుపాక సోమేశ్వర క్షేత్రము తెలంగాణమునందే కలదు.

భక్తస్థలమున నుండునది శ్రద్ధాభక్తి. ఇచట సాధకుడు మొదటిసారిగా తనకంటె గొప్పదానికి తల వంచును. తల వంచుట నేర్చినవానికి "అంతయు నాకే తెలియును" అను బిగువు తొలగును. మహేశ్వరస్థలమున నిష్ఠాభక్తి. పరధనమును, పరస్త్రీని, పరనిందను విడిచి వ్రతమున నిలుచును. ఇచట ఆశలు సడలును. కాని "నేను నిష్ఠాపరుడను" అను క్రొత్త గర్వము తలయెత్తు ప్రమాదము కలదు. పెక్కుమంది సాధకులు ఆగిపోవునది ఈ మెట్టుననే. విభూతి పెట్టనివానిని చూచి ముఖము త్రిప్పుకొనువాడు వ్రతమును పట్టినాడు గాని అహంకారమును విడువలేదు.

ప్రసాదిస్థలమున అవధానభక్తి. తినునది, త్రాగునది, చూచునది, వినునది అన్నియు శివునకు సమర్పించి ప్రసాదముగా స్వీకరించును. తనకు వచ్చినది తన ఘనతచే వచ్చిన జీతముగా కాక ఇయ్యబడినదానిగా స్వీకరించువానికి ఫిర్యాదు తగ్గును, కృతజ్ఞత పెరుగును. ప్రాణలింగిస్థలమున అనుభవభక్తి. చేతిలోని లింగమునకును లోపలి ప్రాణమునకును భేదము లేదని అనుభవమునకు వచ్చును. శరణస్థలమున ఆనందభక్తి. తన యిష్టమునకు శివుని యిష్టమునకు పోరు నిలుచును. ఐక్యస్థలమున సమరసభక్తి. పూజించువాడు, పూజింపబడువాడు అను మాటలకే అచట తావు లేదు.

ఈ ఆరింటిని పరికించినచో నొక సత్యము తేటపడును. సాధకుడు ఏ మెట్టునను వేరొక లోకమునకు పోవుట లేదు. అదే యిల్లు, అదే వీధి, అదే వృత్తి. మారుచున్నది చూచువాడు. భక్తునకు బరువుగా తోచిన సంసారమే శరణునకు శివలీలగా తోచును. ఇదియే శరణులు చెప్పిన లోకము మారుట. కోరుకొన్న లోకమునకు పోవలెనని తలచువాడు కోరికను వెంటబెట్టుకొనియే పోవును. ఇల్లు మారెనే గాని ఇంటివాడు మారలేదు. అహంకారము నిజముగా సడలినచో ఆ లోకము కావలెనని పట్టుబట్టువాడే సడలిపోవును గదా! కావున అహంకారము సడలుటకును, కోరిన లోకము దొరకుటకును పొత్తు కుదరదు.

సిద్ధరాముని యుదంతము

కల్యాణ శరణుల చరితలు తెలుగువారికి క్రొత్తవి కావు. పాలకుర్తికి చెందిన పాలకురికి సోమనాథుడు 13వ శతాబ్దిలో బసవపురాణమును తెలుగు ద్విపదలలో రచించెను. దానిని భీమకవి 1369లో కన్నడమునకు తెచ్చెను. అల్లమ ప్రభువు, సిద్ధరాముల సమాగమము కన్నడమున శూన్యసంపాదన గ్రంథములయందు విస్తారముగా చెప్పబడినది. అహంకార శైథిల్యమునకు దానికి మించిన పాఠము లేదు.

సిద్ధరాముడు సొన్నలిగె వాసి. అదియే నేటి సోలాపురము. కరీంనగరు ప్రాంతమునుండి వలసపోయిన నేతకుటుంబములు పెక్కు తరములుగా నివసించుచున్న పట్టణమగుటచే ఉత్తర తెలంగాణ ప్రజలకు అది పరిచితమే. సిద్ధరాముడు శ్రీశైల మల్లికార్జునుని భక్తుడు. ప్రజల దాహము తీర్చుటకు పెద్ద చెరువును త్రవ్వించెను, దేవాలయములు కట్టించెను, వేలకొలది జనులతో కలిసి మట్టి మోసెను. ఇంతటి పరోపకారి యందు అహంకార మేమి యుండునని లోకులకు తోచవచ్చును.

అట్టి చోటికి ఒకనాడు అల్లమ ప్రభువు వచ్చెను. యోగీశ్వరుడని జనులు కొనియాడు సిద్ధరాముని అతడు మట్టి త్రవ్వు కూలివానివలె పిలిచి, ఎక్కడ ఉన్నాడని యడిగెను. అది విని పనివారు కోపించి రాళ్ళు రువ్విరి. ఆ రాళ్ళు ప్రభువును తాకలేదని కథ. తుదకు సిద్ధరాముడే ఆగ్రహించి ఎదురు వచ్చెను. ఆ యాగ్రహాగ్నియు ప్రభువును దహింపలేకపోయెను. అప్పుడు సిద్ధరామునకు వివేకము కలిగెను.

ఇచట నిలిచి ఆలోచింపవలెను. మట్టి త్రవ్వుట అవమానమా? కాదు. సిద్ధరాముడు నిజముగా మట్టి త్రవ్వుచున్నవాడే. ప్రభువు అసత్యము పలుకలేదు. మరి ఆ మాట ఏల నొప్పించినది? "నేను మహాయోగిని, లోకోపకారిని" అను భావము పనివెనుక దాగి యుండుటచేతనే. చెరువు మంచిదే, సేవ మంచిదే. వాటిక్రింద "నేను చేయుచున్నాను" అను ముల్లు మిగిలినది. ప్రభువు పనిని నిందింపలేదు, ముల్లును తాకి చూపెను. తరువాత సిద్ధరాముడు ప్రభువు వెంట కల్యాణమునకు పోయి చెన్నబసవన్న వలన ఇష్టలింగ దీక్ష పొందెననియు, పిదప శూన్యసింహాసనమును అధిష్ఠించెననియు సంప్రదాయము. చెరువు త్రవ్విన చేతులు మారలేదు. త్రవ్వితినను భావము మాత్రము కరగినది.

ఇద్దరు మారయ్యలు

అనుభవ మంటపమున మారయ్య యను పేరుగల శరణులు పలువురు. వారిలో ఇద్దరి జీవితములు ఈ పాఠమునకు దీపముల వంటివి.

మొళిగెయ మారయ్య కాశ్మీర దేశమున రాజని సంప్రదాయము. శరణుల కీర్తి విని రాజ్యమును విడిచి, భార్యయగు మహాదేవితో కూడి కల్యాణమునకు వచ్చి, అడవిలో కట్టెలు కొట్టి మోపులుగా అమ్మి జీవించెను. మొళిగె యనగా కట్టెలమోపు. రాజుపేరు పోయి మోపుపేరు నిలిచినది. బసవన్న ఒకనాడు ఆతడు లేనివేళ ఇంటికి వచ్చి, వారి పేదరికమునకు చింతించి నాణెముల సంచులు రహస్యముగా ఉంచి వెళ్ళెను. మారయ్య తిరిగివచ్చి చూచి, అవి తన కాయకమున వచ్చినవి కావని జంగములకు పంచివేసెను. సింహాసనము విడుచుట ఒక్కనాటి పని. విడిచిన పిదప దానిని తలచి గర్వింపకుండుట, పేదరికమున సాయము వచ్చినపుడు చేయి చాపకుండుట నిత్యము చేయవలసిన పని.

ఆయ్దక్కి మారయ్య నేలరాలిన బియ్యపు గింజలేరి దాసోహము చేసినవాడు. ఒకనాడు అలవాటుకంటె ఎక్కువ గింజలు తెచ్చెను. భార్య లక్కమ్మ అది చూచి, అవసరమునకు మించినది ఆశయే యగునని చెప్పి, మిగులును తిరిగి అక్కడనే పోసి రమ్మనెను. ఆతడు మారు పలుకక ఆమె చెప్పినట్లు చేసెను. శరణధర్మమున ఇల్లాలి మాట గురువు మాటవలె చెల్లుట ఇందు గమనింపదగినది. తప్పు చూపినవారు ఎవ్వరైనను, అంగీకరింపగల మెత్తదనము వచ్చినచో అహంకారము సడలినట్లే.

మందమర్రి గని చెప్పు పాఠము

మందమర్రి కాజీపేట – బల్హార్షా రైలుమార్గమున మంచిర్యాలకును బెల్లంపల్లికిని నడుమ నున్న సింగరేణి పట్టణము. 2016 అక్టోబరు వరకు ఆదిలాబాదు జిల్లాయందుండి, పిదప మంచిర్యాల జిల్లాలో చేరినది. ఇచ్చటి గనులలో కొన్నింటికి కళ్యాణి ఖని యని పేరు. బసవన్న కల్యాణముతో ఇది పేరుల పోలిక మాత్రమే యైనను, కాయకమును బోధించుటకు కల్యాణమునకు తీసిపోని చోటిది.

భూగర్భ గనిలో బొగ్గునంతటిని ఒక్కమారు తీయరు. మొదట దారులు త్రవ్వి, నడుమ నడుమ బొగ్గు స్తంభములను విడిచిపెట్టుదురు. వాటిని పిల్లర్లందురు. పైకప్పును మోయునవి అవియే. ఆ పిదప కొంతకాలమునకు ఆ పిల్లర్లనుగూడ తీయుదురు. కాని ఒక క్రమమున, లోపలి కొసనుండి బయటివైపునకు వెనుదిరిగి వచ్చుచు తీయుదురు. క్రమము తప్పి నడుమ పిల్లరును తీసినచో కప్పు మీద పడును. ఇసుక నింపు పద్ధతిగల చోట్ల, తీసినచోటు ఖాళీగా విడువక ఇసుకను నీటితో పంపి నింపుదురు.

అహంకారమును గూడ ఇట్లే చూడవలెను. జీవితమను కప్పును ఇంతకాలము మోసిన స్తంభము లవి: తన పేరు, తన వృత్తి, తన కుటుంబమున తన స్థానము. వాటిని క్రమము లేక ఒక్కసారి పెరికినవాని మనస్సు కూలును. షట్స్థలము ఆ క్రమమునే చెప్పినది. ముందు శ్రద్ధ, పిదప నిష్ఠ, ఆ తరువాత అవధానము. తీసినచోట శివస్మరణ నింపవలెను. నింపకున్నచో ఆ ఖాళీలో భయమో, మత్తుపానీయమో, ఊహాలోకమో వచ్చి చేరును.

గనిలో మరియొక అలవాటు కలదు. సర్దారు పనిచోటికి పోయినపుడు కర్రతో కప్పును తట్టి చప్పుడు వినును. గట్టి కప్పు ఖంగుమనును. విడివడిన పెళ్ళ డొల్లగా పలుకును. సాధకునకు నిందయు, స్తుతియు అట్టి కర్రలు. ఎవరైన ఒక మాట అన్నపుడు లోపల ఏ చప్పుడు వచ్చెనో వినవలెను. మండిపాటు వచ్చినచో అచట నొక పెళ్ళ వ్రేలాడుచున్నదని తెలియును. అన్నవానిపై కోపించుట కర్రపై కోపించుట వంటిది.

ఇంతకు మించిన పరీక్ష పదవీ విరమణ నాడు వచ్చును. సింగరేణిలో విరమణ వయస్సు 2021లో 61 సంవత్సరములకు పెంపబడినది. ఒక కార్మికుని తలంపుడు. ముప్పది యైదేండ్లు షిఫ్టు కూతకు లేచినవాడు. మస్టరులో నొక సంఖ్య, గనిలో నొక పని, వాడలో నొక పేరు గలవాడు. ఒకనాడు దండలు వేసి పంపుదురు. మరునాడు కూత వినబడును, కాని అది అతని కొరకు కాదు. పిదప క్వార్టరు ఖాళీ చేయవలెను. "ఇపుడు నేనెవడను?" అని మనస్సు అడుగును. ఈ ప్రశ్నకు సమాధానము లేక కొందరు కోపిష్ఠులగుదురు, కొందరు త్రాగుడుకు లోనగుదురు, కొందరు ఇంటివారిపై అధికారము చెలాయింప జూతురు. 1990 దశకారంభమున లక్షకు పైబడియున్న సింగరేణి కార్మికుల సంఖ్య నేడు నలుబది వేల ప్రాంతమునకు దిగినది. కావున ఈ ప్రశ్న ఒక్క యింటిది కాదు. గని నమ్ముకొన్న పట్టణము లన్నింటిది.

కాయకమును కేవలము ఉద్యోగమని యెంచినవానికి విరమణతో అది ముగియును. పూజయని యెంచినవానికి పని మారునే గాని కాయకము ముగియదు. మనుమని బడికి పంపుట, వాడలోని చెట్టుకు నీరు పోయుట, మఠమున వడ్డించుట, క్రొత్తగా గనికి పోవు కుర్రవానికి జాగ్రత్తలు చెప్పుట – ఇవన్నియు కాయకములే. ల్యాంపురూమున దీపము తీసికొని గనిలోనికి పోయినవాడు, పైకి వచ్చిన పిదప దానిని తిరిగి ఇచ్చివేయును. ఇచ్చినందుకు ఏడ్వడు, అది తన సొత్తు కాదని అతనికి తెలియును. పదవిని, పేరును, దేహమునుగూడ అట్లే ఇచ్చివేయగలుగుట ఐక్యమునకు సన్నాహము. ఆ నేర్పు 61వ యేట ఆరంభింపదగినది కాదు; మొదటి షిఫ్టునాడే ఆరంభింపదగినది.

ఏది అహంకార శైథిల్యము కాదు

మంచి మాటకు తప్పు అర్థములు గూడ పుట్టును. వాటిని విడదీసి చూపుట అవసరము.

ఆత్మగౌరవమును చంపుకొనుట అహంకార శైథిల్యము కాదు. పంచాచారములలో భృత్యాచారము వినయమును బోధించును. దాని ప్రక్కనే గణాచారము అన్యాయమును ఎదిరింపుమని బోధించును. కల్యాణమున హరళయ్య కుమారునకును, మధువరసుని కుమార్తెకును జరిగిన వివాహమును బిజ్జలుడు నేరముగా నెంచి వారి తండ్రులను కఠినముగా శిక్షించినపుడు శరణులు తల వంచలేదు. తమకొరకు కోపింపనివారు ధర్మముకొరకు నిలిచిరి. ఇంటియందు కోడలిని, వీధియందు బలహీనుని అణచుచు "నీ అహంకారము తగ్గించుకొనుము" అని చెప్పువాడు ధర్మము చెప్పుట లేదు; తన అహంకారమును పోషించుకొనుచున్నాడు. సడలింపవలసినది ఎవరిది వారే.

వినయమును ప్రదర్శించుట అహంకార శైథిల్యము కాదు. సభలో చివరి వరుసన కూర్చుండి, తన్నెవ్వరు ముందునకు పిలుచుటలేదని బాధపడువాడు ముందువరుసలో కూర్చున్నవానికంటె భిన్నుడు కాడు.

బాధ్యతలనుండి పారిపోవుట అహంకార శైథిల్యము కాదు. పరీక్షలు, పేదరికము, ఒంటరితనము మొదలగు కష్టములచే యువకులు వేరొక లోకమును కోరుట సహజమే. దానిని నవ్వులాట చేయరాదు. బిడ్డ ఏ లోకమునకు పోవ గోరుచున్నాడో ప్రేమతో అడుగవలెను. అచట తనకు ఏమి దొరకునని తలచుచున్నాడో వినవలెను. స్నేహమని చెప్పినచో ఆ యింట స్నేహము కొరవడినదని పెద్దలు గ్రహింపవలెను. గౌరవమని చెప్పినచో ఆ బిడ్డను ఇంతవరకు ఎవ్వరును గౌరవింపలేదని గ్రహింపవలెను. అటుల కాక, తన దేహము తనది కానట్లు, చుట్టునున్న లోకము నిజము కానట్లు దినములతరబడి తోచుచు, నిద్రాహారములు తప్పినచో అది సాధన కాదు, అస్వస్థత. అట్టివేళ ఆలస్యము చేయక వైద్యుని చూపవలెను. వైద్యుని సాయము కోరుట శివభక్తికి లోపము కాదు.

నిత్యసాధన

గృహస్థునకు తగిన సాధన సులభమైనదే గాని ప్రతిదినము చేయదగినది.

ఉదయమున స్నానానంతరము విభూతి, రుద్రాక్షలు ధరించి, ఇష్టలింగమును ఎడమ అరచేత నుంచుకొని, పంచాక్షరిని జపించుచు దృష్టిని నిలుపవలెను. మనస్సు తిరుగును; తిరుగనిండు. దానిని గద్దింపక మెల్లగా తిరిగి తేవలెను. అరచేతిలోని లింగము పట్టుటకును, చూచుటకును అనువుగా చిన్నదిగా నున్నది. తాను చిన్నవాడనని భయపడు జీవునికి, అనంతుడైన శివుడే చిన్నవాడై చేతికి వచ్చి కూర్చున్నాడన్న భావము గొప్ప ధైర్యము నిచ్చును.

పనికి పోవునపుడు "ఇది నా పూజ" అని ఒక్కమారు తలచవలెను. పని ముగించునపుడు "చేసినది నేనొక్కడనే కాదు" అని తలచి, ఆ పనికి తోడ్పడినవారిలో ముగ్గురిని స్మరింపవలెను. గనిలో నైనను, బడిలో నైనను, పొలములో నైనను ముగ్గురు తోడు లేక ఏ పనియు జరుగదు. ఈ స్మరణ కర్తృత్వమును మెత్తబరచును.

వారమున కొక్కనాడు దాసోహమునకై కొంత తీసియుంచవలెను. ధనము లేనివాడు శ్రమ నీయవచ్చును. ఇచ్చిన పిదప లెక్క చెప్పకుండుట దానిలోని అసలు భాగము. రాత్రి పరుండుటకు ముందు నాడు తన్ను నొప్పించిన మాట ఒక్కటి జ్ఞప్తికి తెచ్చుకొని, అందులో నిజమెంత యున్నదో చూచుకొనవలెను. నిజమున్నచో దిద్దుకొనవలెను, లేనిచో విడువవలెను. ఈ నాలుగును నలుబది దినములు చేసిన కుటుంబమున మాటల వేడి కొంత తగ్గును. వేరొక లోకము కనబడలేదని నిరాశ పడనక్కరలేదు. ఇంటివారి ముఖములు క్రొత్తగా కనబడినచో సాధన ఫలించుచున్నదని తెలియవలెను.

ఉపసంహారము

అహంకారము శత్రువు కాదు, పరిమితమైన పనికి వచ్చిన సేవకుడు. సేవకుడు యజమానుని పీఠముపై కూర్చున్నందువలననే చిక్కు వచ్చినది. అతనిని చంపనక్కరలేదు, దించి తన చోట నిలుపవలెను. సిద్ధరాముడు చెరువును విడువలేదు, చెరువు త్రవ్వితినను భావమును విడిచెను. మొళిగెయ మారయ్య రాజ్యమును విడిచి, విడిచితినను గర్వమునుగూడ విడిచెను. లక్కమ్మ గింజలలో దాగిన ఆశను చూపెను. వీరెవ్వరును లోకాంతరమునకు పోయి శివుని వెదకలేదు. ఉన్నచోటనే, చేయు పనియందే, తోడివారియందే శివుని కనుగొనిరి. కల్యాణమున సాధ్యమైనది మందమర్రియందును సాధ్యమే.

అభ్యాస ప్రశ్నలు

1. కర్తృత్వమునకును, మమకారమునకును భేదమేమి? కాయక దాసోహములు వాటిని ఎట్లు సడలించును?

2. "నేను నిష్ఠాపరుడను" అను గర్వము ఏ స్థలమున తలయెత్తును? దానిని గుర్తించు టెట్లు?

3. అల్లమ ప్రభువు మాట సిద్ధరాముని ఏల నొప్పించినది?

4. గనిలో పిల్లర్లను క్రమము తప్పి తీయరాదను నియమమునకు సాధనయందు సామ్యమేమి?

5. భృత్యాచారము, గణాచారము ఒక్క మనుజునియందు ఎట్లు కలిసి యుండగలవు?

6. ఇంటిలోని పెద్దలు, పిన్నలు కలిసి కూర్చుండి, ఎవరి మాట వారికి ఎప్పుడు ఎక్కువగా నొప్పి కలిగించెనో నెమ్మదిగా చెప్పుకొనుడు. జవాబు చెప్పువాని మాట ముగియువరకు తక్కినవారు మౌనముగా వినుడు.